సున్నం వేసిన చెట్లు

నవంబరు 27

వస్తారట. మా ఒడ్డే ఖాయం చేసుకున్నారట. వెర్లిన్ పరుగున వచ్చి చెప్పింది. అన్న కూతురన్న మాటే గాని, దాని హుషారులో మా అన్న రక్తం ఒక్క చుక్క కనపడదు.

ఒక తల్లి, ఏడేళ్ళ కూతురు. డెన్మార్కు నుంచి. ఎక్కడుందో నాకు తెలియదు, చలి దేశమట. పది రోజులు ఉంటారట. అద్దెకిద్దామని ఇంటి పక్కన మేం వేయించిన రెండు గదులకీ ఏడాదిన్నరగా తాళమే.

"మూడు ఒడ్డులు చూసుకున్నారు టాంటీ. ఒకచోట పెద్ద హోటలుంది, ఇంకోచోట ఈత కొలనుంది. అవన్నీ వదిలి మనదే కావాలన్నారు."

"మన దగ్గరేముందే?"

"ఏమీ లేదు. అదే కావాలట. ఫోనులో ఆ తల్లి హోటలుందా అంది, లేదన్నాను. పాటలు మోగిస్తారా అంది, లేదన్నాను. ఇసుకలో కుర్చీలూ గొడుగులూ ఉంటాయా అంది, లేవన్నాను. కిందిదాకా రోడ్డుందా అంది, అదీ లేదని ఏడుపుమొహం పెట్టి చెప్పాను. అటు ఆవిడ చప్పట్లు కొట్టింది!"

ఏమీ లేని చోటు కావాలని సముద్రాలు దాటి వస్తున్నారంటే ఏదో ఉంది. జబ్బేమో. ఎవరి నుంచైనా పారిపోయి వస్తున్నారేమో. ఇక్కడ ఏదన్నా అయితే డాక్టరు కూడా లేడు కదా, కొండ ఎక్కి జీపులో పోవాలి. ఈ మాట అంటే వెర్లిన్, "అయితే నువ్వే ఫోన్ చేసి రావద్దని చెప్పు" అంది.

నేనెందుకు చెప్తాను? రావాలనే ఉంది. వస్తే ఏమవుతుందోనని కూడా ఉంది.

నవంబరు 30

వెర్లిన్ ఒడ్డుకి దిగే దారి ఫోటో తీసింది, వాళ్ళకి పంపడానికి. విషప్పాల చెట్లు తొమ్మిదీ వరసగా పడ్డాయి, ఎర్ర పట్టీలతో.

"కసాయి కొట్టులా ఉంది టాంటీ" అని నవ్వి, అటు తిరిగి ఉత్త సముద్రం ఫోటో తీసి పంపింది. అంతే అంది. ఇంకేమీ అనలేదు.

నాకు నిద్ర పట్టలేదు. నిజమే, రక్తం కారుతున్నట్టే ఉంటాయి. ఇంత దూరం నుంచి వచ్చి మొదట చూసేది అదేనా?

డిసెంబరు 3

పండగ పని ముందే మొదలుపెట్టాను. ఎలాగూ క్రిస్మసుకి వెయ్యాలి కదా. ముంగిట్లో రాళ్ళకి సున్నం వేశాను. మెట్లకి వేశాను. కొబ్బరి చెట్ల మొదళ్ళకి నడుం ఎత్తుదాకా వేశాను. మా అమ్మ కూడా ఎవరు వస్తున్నా ఇలాగే వేసేది. కొత్త మనిషి గుమ్మం తొక్కేటప్పుడు రాయి కూడా స్నానం చేసి ఉండాలనేది.

సున్నం మిగిలింది. దారి పొడుగునా వేసుకుంటూ పోయాను. ఇసుక దాకా వేశాను.

డిసెంబరు 5

పడవలు చేసే అజారియా వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"వాటి మీద కూడా వేశావా?"

"వేటి మీద?"

"నన్ను ఆడించకు ఇస్మే. ఏటేటా నా పడవ రంగు తెచ్చి తొమ్మిదింటికీ పట్టీ వేసేది నేను. మీ నాన్న వీపు తోలు ఊడిపోయి నెల రోజులు బోర్లా పడుకున్నది ఈ పాలు పడే కదా. వానలో ఆ చెట్టు కింద నిలబడితే నెత్తిన నిప్పు పోసుకున్నట్టేనని నాకు చెప్పింది నువ్వే."

"పదిరోజులే కదయ్యా. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ వేద్దువుగానిలే."

"అందాకా చెట్టుకి నోరుందా?"

"చెట్టుకి లేకపోతే నాకుందిగా!"

"నీకుంది. ఊరందరికీ సరిపోయేంత ఉంది" అని వెళ్ళిపోయాడు.

నేనే చెప్తాను. రాగానే మొదటి మాట అదే చెప్తాను. గుర్తు కంటే మనిషి మాట గట్టిది.

డిసెంబరు 8

వచ్చారు. తల్లి పేరు బిర్టె. సన్నగా, ఎండకి అప్పుడే ఎర్రబడి ఉంది. పిల్ల పేరు సిగ్రిడ్. తల్లి కొంగు లాగా చొక్కా అంచు పట్టుకుని వెనకే ఉంది, మొహం చూపించలేదు.

బ్రెడ్‌ఫ్రూటు కాయ కాల్చి పెట్టాను, చేపల పులుసు పెట్టాను. ముల్లు ఉంటుందని చెప్పాను. తర్వాత అన్నీ చెప్పాను. నల్లరాయి దాటి ఈదొద్దు, అటు నీరు లాగేస్తుంది. రాళ్ళ దగ్గర నీళ్ళలో ముళ్ళకాయలు, అదే ముళ్ళబంతుల్లాంటి జీవాలు ఉంటాయి, కాలు పెట్టొద్దు. కొబ్బరి చెట్టు కింద పడుకోవద్దు. చెప్పులు దులుపుకుని తొడుక్కోవాలి, జెర్రి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో తిరగొద్దు. సాయంత్రం ఇసుక ఈగలు కుడతాయి. మేక పొడుస్తుంది. తడిసిన మెట్టు జారుతుంది. దారి చివర చిన్నాకుల చెట్లున్నాయి, వాటి పాలు మంచివి కావు, కిందికి పోవద్దు. నీళ్ళు కాచి తాగాలి. మెరిసే గొలుసు వేసుకుని నీళ్ళలోకి దిగొద్దు, పళ్ళచేప వచ్చి కరుస్తుంది.

బిర్టె వంగి పిల్ల బూటు తాడు కడుతోంది. తల ఎత్తి నవ్వింది. "మిస్ ఇస్మే, ఈ ఒడ్డున ఇంకా బతికి ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?"

వెర్లిన్ పడీ పడీ నవ్వింది. పిల్ల కూడా తల్లి వెనకనుంచి కొంచెం నవ్వింది. నేనూ నవ్వాను.

చెప్పాను. చెట్ల సంగతి చెప్పాను.

పిల్ల పడుకున్నాక బిర్టె నా వసారాలో కూచుని తన సంగతి చెప్పింది. మొగుడితో విడిపోయి ఏడాదైంది. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో కోర్టులో తేలలేదట. "చప్పుడంటే దీనికి భయం. స్కూల్లో బల్ల కింద దూరుతుంది. వాళ్ళ నాన్న పెద్ద హోటలుకి తీసుకెళ్ళమన్నాడు, కాపలావాళ్ళుంటారు, డాక్టరు ఉంటాడని. నేనే మొండికేశాను. ఎవరూ లేని చోట ఒక్క పదిరోజులు దాన్ని నవ్వించి చూపిస్తానన్నాను. ఏదైనా తేడా వస్తే ఇంక పిల్ల నీ దగ్గర ఉండదన్నాడు."

"ఏమీ తేడా రాదమ్మా" అన్నాను.

ఎందుకన్నానో! నేను ఎప్పుడూ అలా అనను.

డిసెంబరు 9

ఇవాళ ఏమీ కాలేదు. అదే భయంగా ఉంది.

డిసెంబరు 10

పిల్ల మేకతో మాట్లాడుతోంది. వాళ్ళ భాషలో ఏదో గడగడా చెప్తోంది, మేక నములుతూ వింటోంది. బిర్టె వంటింటి తలుపు చాటున నిలబడి చూస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాలుగు నెలలైంది మిస్ ఇస్మే, దీని నోట వరసగా ఇన్ని మాటలు విని."

మేక పొడుస్తుందని చెప్దామనుకుని ఊరుకున్నాను.

డిసెంబరు 11

అజారియా తన పడవ పక్కన పిల్లకి చెక్కముక్క ఇచ్చి నునుపు చెయ్యడం నేర్పాడు. నాతో మాట్లాడలేదు.

రేపు మబ్బు పడుతుందట.

డిసెంబరు 12

పిల్ల కళ్ళు.

డిసెంబరు 13

నిన్న రాయలేకపోయాను.

పది గంటలకి జల్లు పడింది. పావుగంట కూడా పడలేదు. నేను పెరట్లో బట్టలు తీస్తున్నాను. వాళ్ళు కింద ఇసుకలో ఉన్నారని గుర్తొచ్చింది. గుర్తొచ్చి పరిగెత్తాను. నా కాళ్ళకి పరుగేమిటి? దారి సగంలో ఉండగానే అరుపు వినిపించింది. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని అప్పుడే తెలిసింది.

తల్లి ఆ చెట్టు కింద వంగి పిల్లని కాచుకుని నిలబడిందట. ఆమె చేతులూ మెడా కాలాయి. పిల్ల మాత్రం ఆ చేతుల సందులోంచి తల పైకెత్తి, నోరు తెరిచి చినుకులు పట్టుకుంటోందట. ఆకుల మీంచి కారే చినుకులు.

అజారియా పిల్లని ఎత్తుకుని సముద్రం నీళ్ళతో మొహం కడిగాడు, కడుగుతూనే కొండెక్కాడు. అతని భుజం మీదా బొబ్బలొచ్చాయి. జీపులో ఆసుపత్రికి. అప్పటికే పిల్ల పెదవులు వాచి మొహం మారిపోయింది. కళ్ళు మూసుకుపోయాయి. డాక్టరు గంటసేపు కడిగి, రెండు కళ్ళకీ కట్టు కట్టాడు. నోరు మానుతుంది, చర్మం మానుతుంది, కళ్ళ సంగతి నాలుగైదు రోజులు పోతేగాని చెప్పలేనన్నాడు.

బిర్టె గోడకి ఆనుకుని కింద కూచుండిపోయింది. నన్ను చూడగానే నా పాదాల మీద చెయ్యి వేసింది.

"మీరు చెప్పారు. చెట్ల గురించి మీరు చెప్పారు, నేను నవ్వాను. బూటు కడుతూ నవ్వాను. ఏ చెట్లో కూడా అడగలేదు."

నేను నిలబడే ఉన్నాను.

"తెల్లగా సున్నం వేసి ఉన్నాయి మిస్ ఇస్మే. ఎవరో శుభ్రంగా చూసుకునే చెట్లు, వీటి కింద భయం లేదనుకున్నాను. పక్కనే రాతి కప్పు ఉంది, అక్కడికి పోయినా పోయేది. ఆ తెలుపు చూసి ఇటు వచ్చాను."

నేను ఏమన్నానో గుర్తులేదు. సూప్ తెస్తానన్నాననుకుంటా.

డిసెంబరు 14

సూప్ పట్టుకెళ్ళాను. బిర్టె తాగలేదు. పిల్లకి గొట్టంతో పాలు పోస్తున్నారు.

తండ్రి ఫోన్ చేశాడు. వాళ్ళ భాష నాకు రాదు. అరుపు ఏ భాషలోనైనా అరుపే. బిర్టె తల ఊపుతూ కూచుంది, ఫోనులో ఆయనకి కనిపిస్తున్నట్టు. తర్వాత నాకు చెప్పింది. ఎవరూ లేని చోటు ఎంచుకున్నది నువ్వే, ఇంటామె చెప్తే విననిది నువ్వే, ఈ రెండు ముక్కలూ కోర్టులో చెప్తే చాలన్నాడట.

"ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు" అంది.

అజారియా నిన్న తెల్లారగానే వెళ్ళి తొమ్మిది చెట్లకీ మళ్ళీ ఎర్ర రంగు వేశాడట, భుజానికి కట్టుతోనే. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బావుండేది.

డిసెంబరు 15

వెర్లిన్ వెయ్యమంది కదా. కసాయి కొట్టులా ఉందని అంది కదా.

లేదు. అది నవ్వింది, అంతే. వెయ్యమనలేదు.

ఎరుపు ఎలాగూ వెలిసిపోయి ఉంది. కొత్తవాళ్ళకి ఎర్ర పట్టీ అంటే ఏమిటో తెలుసా? తెలియదు. చూసినా అర్థమయ్యేది కాదు. ఎరుపు ఉన్నా ఆవిడ దాని కిందికే పోయేది.

పోయేది కాదు. ఎవరైనా ఆగి అడుగుతారు. ఈ ఎరుపేమిటని అడుగుతారు.

నేను చెప్పాను. నోటితో చెప్పాను. ముళ్ళకాయలకీ నీళ్ళు కాచడానికీ మధ్యలో చెప్పాను.

వెర్లిన్‌తో అన్నాను, చెప్పేస్తానని. అది అటూ ఇటూ చూసి తలుపు వేసింది.

"చెప్తే పిల్ల కన్ను తెరుచుకుంటుందా టాంటీ?"

"తెరుచుకోదు."

"మరి? ఇంకెవరన్నా ఈ ఒడ్డు మొహం చూస్తారా? ఆవిడ మనల్ని ఒక్క మాట అనడం లేదు. నీకు దండం పెడుతోంది కూడా."

"అందుకేనే."

"నోరు మూసుకుని సూప్ పట్టుకెళ్ళు" అంది. వెర్లిన్ నాతో అలా ఎప్పుడూ మాట్లాడలేదు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

గుమ్మడికాయ సూప్ పట్టుకెళ్ళాను. ఇవాళ రెండు చెంచాలు తాగింది. "మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో" అంది.

డిసెంబరు 16, ఆదివారం

పిల్ల ఎడమ కన్ను తెరిచింది. వెలుతురుకి ఏడ్చింది, కాని తెరిచింది. తల్లిని చూసింది. కుడి కన్ను తెరుచుకోలేదు. దాని మీద తెల్లటి పొర ఉందని డాక్టరు అన్నాడు. ఇక్కడ చేసేదేమీ లేదు, బార్బడోసులో కంటి డాక్టరుకి చూపించాలి. బాగవచ్చు. బాగవకపోనూవచ్చు.

అమ్మ కలలోకి వచ్చింది. మంచం చివర కూచుంది, ఇటు తిరగలేదు. పోయిన పెద్దలు అలా వచ్చారంటే ఆకలి అని అర్థం. అందుకని మధ్యాహ్నం మొక్కజొన్న ముద్ద చేశాను, చేప వండాను, కందికాయ గింజలు ఉడికించాను. ముందుగదిలో తెల్ల గుడ్డ పరిచి పెద్దల పళ్ళెం పెట్టాను. గుమ్మంలో నీళ్ళూ రమ్మూ చల్లి అమ్మనీ నాన్ననీ పిలిచాను. పిల్ల కన్ను అడిగాను. తలుపు వేశాను. వాళ్ళు తినేటప్పుడు మనం చూడకూడదు.

చూశాను. అరవై ఏళ్ళలో ఎప్పుడూ చూడనిది, సందులోంచి చూశాను. ఉత్త గది. చేప మీద ఒక చీమ.

నాన్న వీపు గుర్తొచ్చింది. అమ్మ నెలరోజులు ఆ వీపుకి ఆకు పసరు రాస్తూ, ప్రతిసారీ మమ్మల్ని పిలిచి చూపించేది. చూడండి, బాగా చూడండి, ఆ చెట్టంటే ఇదీ అని. అది చూసిన కళ్ళతోనే నేను సున్నం వేశాను. ఇంక నేను పిలిస్తే వాళ్ళు ఎందుకు వస్తారు?

పళ్ళెం పక్కింటి పిల్లలకి పెట్టేశాను.

డిసెంబరు 17

సూప్ తీసుకెళ్ళలేదు. ఉత్త చేతులతో వెళ్ళాను.

బిర్టె కాగితం మీద ఏదో రాస్తోంది. "వాళ్ళ నాన్నకి" అంది. "పిల్ల నీ దగ్గరే ఉండనీ అని రాస్తున్నాను. నాకు ఇంక చేతకాదు మిస్ ఇస్మే. నా చేతుల్లో దాన్ని పెట్టడమే తప్పు. చెప్తే కూడా వినని తల్లిని."

పిల్ల ఆమె ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతోంది. ఒక కంటికి కట్టు. పెదవులు ఇంకా పొరలు పొరలుగా ఉన్నాయి.

"రాయకు" అన్నాను.

"ఏమిటి?"

"రాయకమ్మా. ఆ చెట్లకి ఎర్ర పట్టీలుండేవి. ఎవరూ దగ్గరికి పోకూడదని గుర్తు అది. మీరు వస్తున్నారని నేను వాటి మీద సున్నం వేశాను. మీరు చూసిన తెలుపు నేను వేసిందే."

ఆమె కలం కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని చూస్తోంది. నేను ఇంగ్లీషు సరిగా మాట్లాడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారికంటే కష్టంగా ఉంది.

ఆమె ఫోను తీసింది. ఏవో నొక్కింది. మొగుడి గొంతు వినపడగానే ఫోను నా చేతికిచ్చింది. "ఆయనకి చెప్పు. ఇంగ్లీషు వచ్చు ఆయనకి."

ఫోనులో మాట్లాడాలంటే నాకు ఎప్పుడూ గుండె దడ. అటు మనిషి మొహం తెలియదు కదా.

"నా పేరు ఇస్మే" అన్నాను. "ఇల్లు నాది. ఆ చెట్లకి ఎర్ర గుర్తులుండేవి. మీవాళ్ళు వచ్చేముందు నేను వాటిని సున్నంతో కప్పాను. మీ ఆవిడకి తెలిసే దారి లేదు. మీ ఆవిడ పిల్ల మీద వంగి నిలబడింది. ఆమె చేతులు కాలాయి."

ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"ఎందుకు కప్పావు?" అన్నాడు.

"బావుండాలని."

బిర్టె ఫోను లాక్కుంది. ఆయన ఏదో అంటున్నాడు, ఆమె వినకుండానే కట్టేసింది. పిల్ల తలని మెల్లిగా దిండు మీదికి జరిపి లేచి నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను.

"ఐదు రోజులు" అంది. "ఐదు రోజులు నన్ను నేను తిట్టుకున్నాను. ఐదు రోజులు నువ్వు ఈ కుర్చీలో కూచుని అది విన్నావు. విని, నాకు సూప్ తెచ్చావు."

"అవును."

"నీ కాళ్ళు పట్టుకున్నాను."

"అవును."

"వెళ్ళు."

బయటికి వచ్చి మెట్ల మీద చాలాసేపు కూచున్నాను. నర్సు మెట్ల దాకా వచ్చి, ఆవిడ ఆ కాగితం చింపేసిందని చెప్పింది. పిల్ల పక్కన మంచం మీద పడుకుందట. వచ్చిన రోజు నుంచీ ఆమె నిద్రపోవడం చూడలేదట నర్సు. ఇప్పుడు పిలిచినా లేవడం లేదట.

డిసెంబరు 18

వెర్లిన్ వాళ్ళ సామాను సర్ది ఆసుపత్రిలో ఇచ్చి వచ్చింది. బిర్టె దానితో మాట్లాడిందట, థాంక్స్ కూడా చెప్పిందట. నా పేరు ఎత్తలేదట.

వెర్లిన్ ఫోనులోంచి మా ఒడ్డు ఫోటో తీసేసింది. నేను తీసెయ్యమనలేదు. వద్దనీ అనలేదు.

డిసెంబరు 20

నిన్న చిన్న విమానంలో వెళ్ళిపోయారు. బార్బడోసుకి.

అజారియా వచ్చాడు, ఈసారి లోపలికి వచ్చి కూచున్నాడు. కోకో టీ ఇచ్చాను. "చెప్పావటగా" అన్నాడు. తాగేసి వెళ్ళిపోయాడు.

జనవరి 9

ఇవాళటికి పిల్ల కన్ను సంగతి ఏదో ఒకటి తేలి ఉంటుంది.

జనవరి 14

ప్రతి రోజూ పొద్దున లేచి నా కుడి కన్ను మూసుకుని చూస్తున్నాను, ఒక్క ఎడమ కంటితో ఎంత కనిపిస్తుందో అని. మెట్టు ఎంత దూరంలో ఉందో తెలియదు. ఇవాళ పడ్డాను. ఎవరికీ చెప్పలేదు.

జనవరి 22

వెర్లిన్ ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. "ఇలా చచ్చిపోతావు నువ్వు. ఆవిడ నంబరు ఉంది. ఒక్క మాట రాసి అడుగుతాను. కన్ను ఎలా ఉందని, అంతే. జవాబు ఇస్తుంది, అంత రాతిమనిషేం కాదు."

ఇస్తుంది. నాకు తెలుసు. బావుందనే అంటుందేమో. బాగా లేకపోయినా నా వయసు చూసి బావుందనే అంటుందేమో. అది విని నేను ఆ రాత్రికి హాయిగా పడుకుంటాను.

ఆ పని కూడా ఆవిడ చేత చేయించుకోనా?

వద్దన్నాను. ఫోను తీసుకుపొమ్మన్నాను.